కోళ్లు గుడ్ల పెట్టెలో పడుకుంటుంటే ముందు చూడాల్సింది అవి ఎక్కి పడుకోవాల్సిన కర్రను

పొద్దున్నే గుడ్డు కోసం పెట్టెలో చెయ్యి పెడితే గడ్డి తడిగా, జిగటగా తగులుతుంది. గుడ్డు పైకి తీసి చూస్తే ఒక పక్క అరచేతి వేడి, ఇంకో పక్క పచ్చటి రెట్ట. పెరట్లో పదో పదిహేనో కోళ్లు పెంచుకునే ఇళ్లలో ఇది రోజూ కనిపించేదే. చాలామంది గడ్డి మార్చడంతో, గుడ్డు కడుక్కోవడంతో సరిపెట్టుకుంటారు. గడ్డి ఎన్నిసార్లు మార్చినా మర్నాటికి మళ్లీ అదే తంతు.

కారణం తెలియాలంటే ఆ రెట్ట ఎప్పటిదో తెలియాలి. గుడ్డు పెట్టడానికి వచ్చిన కోడి పెట్టెలో అరగంటో గంటో కూర్చుంటుంది, గడ్డిని కాళ్లతో సర్దుకుంటుంది, గుడ్డు పెట్టి అరుచుకుంటూ బయటికి వెళ్లిపోతుంది. ఆ కాసేపట్లో అది పెట్టెను పాడుచేయడం అరుదు. పెట్టెను పాడుచేసేది రాత్రంతా అందులో పడుకున్న కోడి. కోడి నిద్రలో కూడా రెట్ట వేస్తూనే ఉంటుంది. పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా పది పన్నెండు గంటలు ఒకేచోట కదలకుండా ఉంటుంది కనుక అదంతా దాని కిందే కుప్ప పడుతుంది. మూడు పెట్టెలు పాడవడానికి ముగ్గురు దోషులు అక్కర్లేదు, రోజుకో పెట్టె మార్చే ఒక్క కోడి చాలు.

పాత పద్ధతిలో ఈ తంటా ఇంతగా ఉండేది కాదు. రాత్రికి కోళ్లను గంప కింద కమ్మేవారు, లేదా మట్టి గూట్లోకి తోలి పలక అడ్డం పెట్టేవారు. గుడ్డుకు చోటు వేరే. వసారా మూలన గడ్డి వేసిన బుట్టో, అటక మీద పాత కుండో దానికి ఉండేది. పడక ఒకచోట, గుడ్డు ఒకచోట. ఇప్పుడు జాలీ షెడ్డు, రెడీమేడ్ గూడు వచ్చాక రెండూ ఒకే కప్పు కిందకు చేరాయి. ఏది పడక, ఏది గుడ్ల చోటు అన్న తేడా మన మనసులో ఉందిగానీ కోడికి కనిపించేలా కట్టలేదు.

చీకటి పడే వేళకు కోడి వెతికేది మొదట ఎత్తు. దాని మూలం అడవికోడి, రాత్రి నేల మీద ఉంటే ఏ పిల్లికో ఆహారం అయిపోయేది. అందుకే షెడ్డులో ఏది ఎత్తుగా ఉంటే అక్కడికి చేరుతుంది. ఎత్తులు సమానంగా ఉంటే వెనుక అండ ఉన్నచోటును, గాలివాన తగలని చోటును ఎంచుకుంటుంది. మూడు వైపులా మూసి, మెత్తగా గడ్డి వేసి, రెండడుగుల ఎత్తులో బిగించిన గుడ్ల పెట్టె ఒకవైపు, అడుగు ఎత్తులో ఊగే వెదురు బొంగు ఇంకోవైపు ఉంటే కోడి దేన్ని కోరుకుంటుందో వేరే చెప్పాలా? అది చేస్తున్న పనిలో తప్పేమీ లేదు. పడుకోవడానికి పెట్టె కంటే మంచి చోటు దానికి చూపించలేదు, అంతే. కాబట్టి మరమ్మతు కర్ర దగ్గర మొదలుపెట్టాలి. పెట్టెలు మూసేయడం ఆ తర్వాతి పని. కర్రను సరిచేయకుండా పెట్టెలకు అడ్డు పెడితే కోళ్లు పెట్టెల పైకప్పు మీదో, మేత తొట్టి మీదో, మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కో పడుకుంటాయి.

ఏ మార్పు చేసే ముందైనా ఒక రాత్రి ఎనిమిదింటికి టార్చ్ పట్టుకుని షెడ్డులోకి వెళ్లాలి. ఎన్ని కోళ్లు కర్ర మీద ఉన్నాయి, ఎన్ని పెట్టెల్లో ఉన్నాయి, పెట్టెల్లో ఉన్నవి ఏవి అన్నది రాసుకోవాలి. వరసగా మూడు రాత్రులు చూస్తే విషయం తేలిపోతుంది. అన్నీ పెట్టెల్లోనే ఉంటే తప్పు కర్ర కట్టిన తీరులోనో, కర్రలో చేరిన పురుగులోనో ఉంది. ఒకటి రెండే, అదీ ఎప్పుడూ అవే అయితే అవి కొత్తగా తెచ్చినవో, మందలో చిన్నవో, పొదుగుకు వచ్చినవో, ఒంట్లో బాగోలేనివో అయి ఉంటాయి. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు.

కర్ర ఎత్తు, మందం, చోటు

కొలతలు చూద్దాం. పది నాటు కోళ్లున్న షెడ్డు అనుకుంటే, కోడికి 8 నుంచి 10 అంగుళాల కర్ర కావాలి. సగటున 9 అంగుళాలు వేసుకున్నా 90 అంగుళాలు, అంటే ఏడున్నర అడుగులు. 4 అడుగుల కర్రలు రెండు సరిపోతాయి. వనరాజా లాంటి బరువైన రకానికి కోడికి అడుగు చొప్పున లెక్కవేయాలి. చలికాలంలో అన్నీ ఒత్తుకుని కూర్చుంటాయి, కర్ర మిగిలిపోయినట్టే కనిపిస్తుంది. ఎండాకాలం వచ్చేసరికి రెక్కలు ఎడంగా పెట్టుకుని కూర్చుంటాయి, అప్పుడు చోటు చాలక చివరి రెండూ పెట్టెల్లోకి దిగుతాయి. జనవరిలో లేని ఇబ్బంది ఏప్రిల్‌లో మొదలైందంటే మొదట ఈ లెక్కే చూడాలి.

కర్ర ఎత్తు గుడ్ల పెట్టె గడప కంటే కనీసం ఒక అడుగు ఎక్కువ ఉండాలి. పెట్టె పైకప్పు కన్నా కూడా ఎత్తులో ఉంటే ఇంకా మంచిది. పెట్టె అడుగుభాగం నేల నుంచి ఒక అడుగు, పెట్టె ఎత్తు మరో అడుగు అనుకుంటే కర్ర 3 అడుగుల మీద ఉండాలి. రెండు కర్రలూ ఒకే ఎత్తులో ఉండటం మేలు. మెట్లలా ఒకటి పైన ఒకటి కిందగా కడితే అందరికీ పై కర్రే కావాలి, సాయంత్రం అయిదున్నర నుంచి పొడుచుకోవడాలు మొదలవుతాయి, ఓడినవి పెట్టెల్లోకి పోతాయి. కర్రకూ కర్రకూ మధ్య 14 అంగుళాలు, గోడకూ కర్రకూ మధ్య ఒక అడుగు వదలాలి. గోడకు మరీ దగ్గరగా ఉంటే తోక గోడకు తగులుతుంది, కోడి కుదురుగా కూర్చోలేదు.

కర్ర మందం విషయంలో చాలా చోట్ల పొరపాటు జరుగుతోంది. బొటనవేలంత సన్నటి కర్ర మీద బరువైన కోడి రాత్రంతా నిలవలేదు. 2 అంగుళాల మందం ఉండి, పైభాగం కాస్త గుండ్రంగా ఉంటే కోడి కాలు మడిచి కూర్చోగానే వేళ్లు దాని చుట్టూ బిగుసుకుంటాయి, రొమ్ము కర్ర మీద ఆనుతుంది. కోస్తాలో సులువుగా దొరికే సరుగుడు కర్ర దీనికి బాగా పనికొస్తుంది. కాకపోతే బెరడు పూర్తిగా ఒలిచేయాలి, లేకపోతే ఆ బెరడు కింద పేలు, పురుగులు కాపురం పెడతాయి. వెదురు నున్నగా జారుతుంది, పైగా కోసిన కొసల బోలులో పురుగు చేరుతుంది. వెదురే వాడాల్సి వస్తే కొసలను మట్టితోనో సిమెంటుతోనో మూసి, పైభాగాన్ని గరుకు కాగితంతో రుద్దాలి. ఇనుప పైపు, పీవీసీ పైపు వద్దు. జారిపోకుండా పట్టుకోవడానికి కోడి రాత్రంతా శ్రమపడుతుంది, రెండో రోజుకు గడ్డి పెట్టె గుర్తొస్తుంది. తాటి చీలికలకు ఈనెలు లేచి అరికాలికి గుచ్చుకుంటాయి. అక్కడ వాపు వచ్చి గడ్డకడితే ఆ కోడి ఇక కర్ర ఎక్కదు. కర్రను మేకులతో శాశ్వతంగా బిగించకుండా గాడిలో కూర్చోబెడితే శుభ్రం చేయడానికి తీసుకోవచ్చు, అయితే ఊగకూడదు. చేత్తో నొక్కితే కదిలే కర్రను కోడి నమ్మదు.

ఎత్తు పెంచే ముందు కోడి బరువు చూసుకోవాలి. నాటు పెట్ట మూడు నాలుగు అడుగులు అవలీలగా ఎగురుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన రకాల్లో గుడ్ల కోసం పెంచే గ్రామప్రియ కూడా బాగానే ఎక్కుతుంది. వనరాజా ఒళ్లు బరువు, అది ఎక్కినా తెల్లారి దూకేటప్పుడు కాళ్లకు దెబ్బ తగులుతుంది. దానికి కర్ర 2 అడుగులకు దించి, గుడ్ల పెట్టెను కూడా దించి నేల మీద రెండు ఇటుకలు పేర్చి పెట్టాలి. కర్ర పైకి ఏటవాలుగా ఒక పలక వేసి, ఆరేసి అంగుళాలకు అడ్డ పట్టీ కొడితే నడిచే ఎక్కుతుంది. ముఖ్యమైనది ఎత్తుల తేడా, అది పోగొట్టుకోకూడదు.

కర్ర ఉన్న చోటు కూడా చూడాలి. జాలీకి ఆనుకుని కర్ర కడితే రాత్రి పిల్లి, మానుపిల్లి బయట నుంచి పంజా విసురుతాయి. ఒక్కసారి అలా బెదిరిన కోడి ఆ కర్ర జోలికి వారాలపాటు పోదు. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో జల్లు కొట్టే పక్కన కర్ర ఉన్నా అంతే. గోడ ఉన్న వైపు కర్ర, గాలి వచ్చే వైపు పైన ఖాళీ, కూర్చున్న కోడి ఒంటికి నేరుగా గాలి కొట్టకుండా గోనె పట్టా ఉండాలి. వెలుతురు సంగతి ఇంకొకటి. సంజ చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు. రేకుల షెడ్డులో బయటికంటే ముందే చీకటి పడుతుంది, కర్ర కనిపించక అందిన పెట్టెలోకి దూరుతుంది. కర్ర ఉన్న వైపు చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టి పొద్దుగూకాక అరగంట వెలిగిస్తే ఎక్కడానికి దారి దొరుకుతుంది.

కర్ర వదిలేసి వచ్చాయంటే

ఏడాదిగా కర్ర మీద పడుకుంటున్న కోళ్లు ఉన్నట్టుండి దిగి పెట్టెల్లోకి, నేల మీదకు చేరితే ఎత్తూ మందమూ కొలవనక్కర్లేదు. పురుగును వెతకాలి. రాత్రి తొమ్మిది దాటాక తెల్లటి పాత గుడ్డ తీసుకుని కర్ర అడుగుభాగాన్ని, ముఖ్యంగా కర్ర గాడిలో కూర్చునే చోటును, గట్టిగా ఒకసారి తుడవాలి. గుడ్డ మీద సన్నటి ఎర్ర చారలు పడితే అది కోడి రక్తం తాగి ఉబ్బిన ఎర్రటి పేను. ఆవగింజలో సగం కూడా ఉండదు. పగలు కోడి ఒంటి మీద వెతికితే దొరకదు, ఎందుకంటే అది పగలంతా చీలికల్లో దాక్కుని రాత్రే వస్తుంది. అందుకే కోడి ఈకలు విప్పి చూసి ఏమీ లేదని తేల్చేసే వాళ్లు మోసపోతారు. మట్టి గోడల పగుళ్లలో, ఇటుకల సందుల్లో అయితే గోమార్లు ఉంటాయి. చదునుగా గింజలా కనిపించే ఇవి కూడా రాత్రి రక్తం తాగి పగలు సందుల్లోకి పోతాయి. మేత లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి షెడ్డు కొంతకాలం ఖాళీగా వదిలేస్తే పోతాయనుకోవడం భ్రమ.

కర్రలన్నీ పీకి ఎండలో వేసి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. పెట్టెల గడ్డి, నేల మీది ఊక మొత్తం తీసి కాల్చేయాలి. పగుళ్లు మట్టితో, సిమెంటుతో పూడ్చి సున్నం చిక్కగా కొట్టాలి. మందు కొట్టాల్సి వస్తే పశువైద్యుడు చెప్పిన మందును చెప్పిన పాళ్లలో, కోళ్లను బయటికి తీశాక షెడ్డుకు కొట్టాలి. పొలానికి తెచ్చిన పురుగుమందు మిగిలింది కదా అని కొట్టడం చాలా ప్రమాదం, అది గుడ్డులోకి వస్తుంది. ఒక్కసారితో పని పూర్తికాదు. వేడి వాతావరణంలో ఈ పేను గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం పది రోజులు చాలు, మొదటిసారి బతికిపోయిన గుడ్లు పిగిలి ఆ పిల్లలు పెద్దవయ్యేలోపు, అంటే వారానికల్లా, మళ్లీ అంతా చేయాలి. కోళ్లు దొర్లడానికి ఒక మూల పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి పోస్తే ఒంటి మీద మిగిలినవాటిని అవే వదిలించుకుంటాయి. ఈ శుద్ధి తర్వాత కోళ్లు రెండు మూడు రాత్రుల్లోనే కర్ర ఎక్కేస్తాయి.

అలవాటు మాన్పించడం

కర్ర సిద్ధమయ్యాకే పెట్టెలు మూయాలి. ప్రతి పెట్టె ముఖానికి బందులతో కింది నుంచి పైకి లేచే పలక, దానికో గొళ్లెం ఉంటే చాలు. అది లేకపోతే అట్టముక్క, పాత మేత తొట్టి, గోనె సంచి ఏదైనా లోపల ఖాళీ లేకుండా కుక్కవచ్చు. ఊరికే తెర వేలాడదీస్తే తోసుకుని వెళ్తాయి. పెట్టె పైకప్పు చదునుగా ఉంటే అక్కడ చేరతాయి, కనుక 45 డిగ్రీల ఏటవాలుగా రేకో పలకో వేయాలి. పెట్టెలోకి ఎక్కడానికి ముందు బిగించిన పట్టీ కూడా రాత్రికి మడిచేసేలా ఉండాలి, లేకపోతే అదే పడక అవుతుంది. మాంసం కోళ్ల పిల్లల కోసం గుడ్లు తీసే బ్రీడర్ ఫారాల్లో సాయంత్రం పెట్టెలు మూసి తెల్లవారుజామునే తీయడం రోజువారీ పని. పెరటి షెడ్డులో అదే పద్ధతిని చిన్నగా చేస్తున్నామన్నమాట.

మూసే వేళ, తీసే వేళ రెండూ ముఖ్యమే. ఎక్కువ గుడ్లు తెల్లారిన నాలుగైదు గంటల్లో పడతాయి. గుడ్డుకూ గుడ్డుకూ మధ్య 24 గంటలకు కాస్త ఎక్కువే పడుతుంది కనుక ఒక కోడి రోజుకింత ఆలస్యం చేస్తూ మధ్యాహ్నం దాకా వచ్చి, ఒకరోజు ఆగి మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. అందువల్ల సాయంత్రం నాలుగున్నరకు మూస్తే నష్టపోయే గుడ్డు దాదాపు ఉండదు. మబ్బు పట్టిన వర్షాకాలపు సాయంత్రాల్లో కోళ్లు ముందే గూటికి చేరతాయి, ఆ రోజుల్లో నాలుగింటికే మూయాలి. పొద్దున మాత్రం తొందరపడాలి. మే నెలలో అయిదున్నరకల్లా వెలుగు వచ్చేస్తుంది, సంక్రాంతి రోజుల్లో ఆరున్నర దాటుతుంది. వెలుగు రాకముందే పలకలు ఎత్తకపోతే గుడ్డు పెట్టాల్సిన కోడి మూసిన తలుపు ముందు తిరిగి తిరిగి మూలన ఊకలో పెట్టేస్తుంది. వారం అలా జరిగితే ఆ మూలే దాని చోటు అయిపోతుంది. అప్పుడు ఒక చెడ్డ అలవాటు తీసి ఇంకోటి అంటగట్టినట్టే. పొద్దున్నే లేవడం కుదరని ఇంట్లో, బాగా చీకటి పడ్డాక కోళ్లన్నీ కర్ర మీద కదలకుండా కూర్చున్నాక పలకలు ఎత్తేయడం మేలు. అంత చీకట్లో అవి దిగి పెట్టెలోకి రావు.

మొదట్లో రోజూ రాత్రి ఏడున్నరకు వెళ్లి నేల మీద, మూలల్లో ఉన్నవాటిని రెండు చేతులతో రెక్కలు మూసి పట్టుకుని కర్ర మీద కూర్చోబెట్టాలి. అరిచి తరిమితే కర్రంటేనే భయపడతాయి. కాళ్లు కర్రను పట్టుకున్నాయని తెలిసేదాకా చెయ్యి వదలకూడదు. పిరికి కోడిని గడుసు పుంజు పక్కన కాకుండా రెండో కర్ర చివర్న పెట్టాలి. పదిహేను రాత్రులు వదలకుండా ఇలా చేస్తే చాలా మందలు దారికి వస్తాయి. మధ్యలో రెండు రాత్రులు మానేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

కొత్త పెట్టల్ని మందలో కలిపినప్పుడు ఇదంతా మళ్లీ ఉంటుంది. పాతవి కర్ర మీద చోటివ్వవు, కొత్తవి పెట్టెల్లో తలదాచుకుంటాయి. కర్ర పొడవు రెండడుగులు ఎక్కువగా ఉంటే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది. ఇంకా గుడ్డుకు రాని పెట్టలున్నప్పుడు పెట్టెలను పగలూ రాత్రీ మూసే ఉంచి, మొదటి గుడ్డు పడుతుందనుకున్న వేళకు రెండు వారాల ముందు తీయాలి. బ్రూడర్‌లో బల్బు కింద పెరిగి వచ్చిన పిల్లలకు తల్లి వెంట కర్ర ఎక్కే అవకాశమే ఉండదు. నాలుగో వారం నుంచే ఆరంగుళాల ఎత్తులో అంగుళం మందం కర్ర ఒకటి పెడితే ఆడుకుంటూ నేర్చుకుంటాయి. ఆ వయసులో నేర్వనివి పెద్దయ్యాక నేర్పడం కష్టం.

పొదుగుకు వచ్చిన కోడి లెక్క వేరు. అది పగలు కూడా పెట్టె వదలదు, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడుస్తుంది, రోజుకోసారి దిగి పెద్ద రెట్ట ఒకేసారి వేస్తుంది. దాన్ని కర్ర మీద కూర్చోబెట్టి లాభం లేదు. పిల్లలు కావాలంటే వేరే గదిలో బుట్ట సిద్ధం చేసి, శుభ్రమైన గుడ్లు పెట్టి 21 రోజులు వదిలేయాలి. వద్దనుకుంటే కింద గాలి ఆడేలా ఎత్తులో పెట్టిన జాలీ అడుగు బోనులో, గడ్డి లేకుండా, నీళ్లూ మేతా మామూలుగానే ఇస్తూ మూడు నాలుగు రోజులు ఉంచాలి. రొమ్ము కింద వేడి తగ్గగానే ఆ ఊపు పోతుంది. నీళ్లలో ముంచడం, మేత ఆపడం లాంటి పాత పనులు కోడిని హింసించడమే.

పెట్టెల సంఖ్య నాలుగైదు కోళ్లకు ఒకటి చాలు. ఎక్కువ పెడితే ఖాళీగా ఉన్నవి పడకలవుతాయి. ఒక్కోటి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. పరుపు జారిపోకుండా ముందు నాలుగంగుళాల గడప. లోపల మూడంగుళాలు పరుపు. వరిగడ్డిని జానెడు ముక్కలుగా కోసి వేస్తే బాగుంటుంది, వానాకాలంలో అది బూజు పడుతుంది కనుక అప్పుడు ఆరిన ఊక నయం. రాయలసీమలో వేరుశనగ పొట్టు వాడతారు, తడి తగిలిన పొట్టును మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, అందులోని బూజు కోళ్ల ఊపిరితిత్తులకు పడుతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, గుడ్డు బయటికి వచ్చిన క్షణంలో పెంకు తడిగా మెరుస్తుంది. దాని వేడి కోడి ఒంటి వేడే, 41 డిగ్రీల దగ్గర. చూస్తుండగానే ఆ తడి ఆరి పెంకు మీద సన్నటి పొరగా మారుతుంది. అదే సమయంలో గుడ్డు చల్లారుతూ లోపలి పదార్థం కుంచించుకుంటుంది, పెంకులోని వేల సన్న రంధ్రాల గుండా గాలిని లోపలికి లాగుతుంది. గుడ్డు తడి రెట్ట మీద పడి ఉంటే ఆ గాలితో పాటు సాల్మొనెల్లా లాంటి క్రిములూ వెళ్తాయి. తర్వాత ఎంత కడిగినా పైమురికి పోతుందేగానీ లోపలికి వెళ్లింది రాదు. పైగా చన్నీళ్లతో కడిగితే గుడ్డు ఇంకా కుంచించుకుని మురికినీళ్లను లోపలికి పీలుస్తుంది, కాపాడే పొర కూడా పోతుంది. కొద్దిగా అంటిన రెట్టను ఎండిన తర్వాత గరుకు గుడ్డతో రుద్ది తీయాలి. కడగక తప్పకపోతే గుడ్డు కంటే వేడిగా ఉన్న నీళ్లతో కడిగి వెంటనే తుడిచి ఆరోజే బాగా ఉడికించి వాడేయాలి. అలాంటి గుడ్డును పొదుగుకు పెడితే రెండో వారంలో కుళ్లి కోడి కింద పగులుతుంది, పక్కనున్న మంచి గుడ్లనూ పాడుచేస్తుంది.